ఖాళీ లేని జాగ

మొన్న కథలాపూర్‌లో యూరియా కోసం వరుస కట్టిన చోట మనుషుల కంటే చెప్పులే ఎక్కువ కనిపించాయి. గోదాము షట్టరు దగ్గర్నుంచి రోడ్డు మలుపు దాకా జతలు జతలుగా పెట్టేసి, వాటి మనుషులంతా ఎదురుగా టీ కొట్టు రేకుల కింద కూర్చున్నారు. నేను మా బావమరిది తరఫున పోయాను. ఆయన మస్కట్‌లో ఉన్నాడు, పొలం ఇక్కడుంది, పాస్‌బుక్కు జిరాక్సు నా జేబులో ఉంది. అంటే ఆయనకు బదులు నేను, నాకు బదులు నా చెప్పులు. ఆ మాట అనుకుని నవ్వుకున్నానో లేదో, ఒళ్లు ఒక్కసారి జలదరించింది. "ఏందన్నా, జరమా?" అని పక్కన కూర్చున్న రైతు అడిగాడు. బదులవ్వ గుర్తొచ్చిందని ఆయనకేం చెప్పను?

కోరుట్లలో మా వాడ చివర రేకుల చర్చి ఉండేది. అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, ప్రార్థన చేసి పోయే ముసలమ్మ ఆమె. సంఘం పుస్తకంలో ఏదో పేరు ఉండే ఉంటుంది, మాకు మాత్రం బదులవ్వే. ఎవరి పని ఆగిపోయినా వాళ్ల చోట్లో తను పోయి కూర్చునేది. బాలింత ఇంట్లో బీడీల చాట ముందేసుకునేది. ఆమె చుట్టిన బీడీలు ఎంత సొగసుగా ఉండేవంటే, కార్ఖానాలో సగానికి సగం తీసి పారేసేవాళ్లు. మర్నాడు మళ్లీ అదే చాట ముందు హాజరయ్యేది.

ఆ అలవాటు సిరిసిల్లలో అబ్బిందట. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త అక్కడ సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మా దిక్కు మరమగ్గం. మధ్యాహ్నం ఆయన సద్ది విప్పే వేళకు ఈమె పోయి మగ్గం దగ్గర నిలబడేది. ఆయన తిని, చేయి కడుక్కుని వచ్చేదాకా దారం తెగకుండా చూసేది. భర్త పోయి ఎన్నో ఏళ్లయినా ఆ ముచ్చట వదిలేది కాదు. "సాంచ ఆగొద్దు, మనిషి తినాలె. గంతే నా కొలువు" అని బోసినోటితో నవ్వేది.

భుజాన ఒక గుడ్డసంచి. అందులో కుట్లూడిన పరిశుద్ధ గ్రంథం, ఒక స్టీలు గ్లాసు. ఎవరింటికి పోయినా చాయ తన గ్లాసులోనే పోయించుకునేది. ఒకప్పుడు కొన్ని వాడల్లో మా వాళ్లకు వేరే గ్లాసు పెట్టేవాళ్లు. ఆ కాలం పోయిందని మేం చెబితే, "పోయింది కొడుకా, నేను జూసిన. గిలాస మాత్రం నాతోనే ఉండనియ్యి" అనేది. అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదివేది. చేతిరాత చదవడం, రాయడం రావు.

ఇంతవరకు చెబితే ఏ ఊళ్లోనైనా ఉండే మంచి ముసలమ్మే. కానీ ఆమె మా గల్లీలోకి వస్తోందంటే తలుపులు వేసుకున్న వాళ్లను కూడా నేను చూశాను. కారణం ఆమె వేలు.

గడప లోపలికి అడుగు పెట్టే ముందు బదులవ్వ ఇంట్లో వాళ్లను చూపుడు వేలితో లెక్కపెట్టేది. మాపటికి కోళ్లను గూట్లోకి తోలేటప్పుడు లెక్కపెడతారు చూడండి, అట్లా. ఒకటి, రెండు, మూడు. మామూలుగా లెక్క సరిపోయేది, లోపలికొచ్చి కూర్చునేది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ వేలు ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఆగకుండా, అక్కడ ఎవరూ లేనట్టు పక్కకు జరిగిపోయేది. అప్పుడిక ఆమె ఆ ఇంటి నుంచి కదిలేది కాదు. "నా ఇంట్ల సావు కోరుతున్నవా?" అని ఒకాయన చెంబు విసిరికొట్టాడు. నుదురు చిట్లింది. ఆమె గల్లీలోనే గోడకు ఆనుకుని కూర్చుంది, పొద్దు గూకే దాకా.

నాకు ఎనిమిదేళ్లప్పుడు టైఫాయిడ్ తిరగబెట్టింది. నాయన అప్పటికే లేడు. అమ్మ, నేను, చెల్లె, ముగ్గురమే. అవ్వ గడపలో నిలబడి వేలెత్తింది. అమ్మ ఒకటి, చెల్లె రెండు. మంచం మీద ఉన్న నన్ను దాటి వేలు గోడ వైపుకు పోయింది. సంచి దించి, నన్ను రెండు చేతులా ఎత్తి వసారాలో చాప మీద కూర్చోబెట్టి, "నువ్వు ఈడ గూసోని గట్క తాగు. నీ జాగల నేను పండుకుంట" అంది. నా మంచమెక్కి, చెమటకు తడిసిన నా దుప్పటే తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని, శిలువకు చాపినట్టు కాదు, పెట్టెలో పెట్టినట్టు చేతులు దగ్గరికి తీసుకుని పడుకుంది. దుప్పటి కింద ఊపిరి ఆడుతోందో లేదో తెలియలేదు. చెల్లె భయపడి ఏడ్చింది. అమ్మ రెండుసార్లు పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చింది.

నాకు జ్వరం తగ్గింది. అవ్వకు మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. మాత్రలు పనిచేశాయని డాక్టరు అన్నాడు. నేనూ చాలా ఏళ్లు అదే నమ్మాను, ఇప్పటికీ నమ్మడానికే చూస్తాను.

అయ్యగారిని ఆమె ఒకే ఒక్క ప్రశ్నతో విసిగించేది. అయ్యగారంటే మా పాస్టరు. గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచే చోట కూర్చునే ఉండి, "అయ్యా, ఏసయ్యకు బదులు ఇడిసిపెట్టిన ఆ ఖైదీ, ఆ దినం మాపటికి ఏం తిన్నడయ్యా?" అని అడిగేది.

"అది రాయలేదు అవ్వా" అనేవాడాయన, ప్రతి ఏడూ.

"ఏసయ్యను కొట్టింది, ఉమ్మేసింది, మేకులు గొట్టింది అన్ని రాసిండ్రు. వాడు తిన్నడో ఉపాసమున్నడో ఒక్క మాట రాస్తే ఏం వోయింది?"

మేం నవ్వేవాళ్లం. లోకమంతా శిలువ వైపు చూసి ఏడుస్తుంటే ఈమె ఆ దొంగ వెనకాల పోతుందేమిటని అయ్యగారు కూడా నవ్వేవాడు.

తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చింది. నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాదకే, రెండు పేపర్లు పోయాయి. కాలేజీలు సగం రోజులు బంద్. కోరుట్లలో రిలే నిరాహార దీక్షల టెంటు పడింది. ఒకరోజు మేస్త్రీలు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు ఆటోవాళ్లు, పొద్దున దండలేసుకుని కూర్చుంటే సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపేవాళ్లు. బదులవ్వకు పండగే పండగ. ఏ మేస్త్రీకి జ్వరమొచ్చినా, ఏ దర్జీ పెళ్లాం నొప్పులు పడుతున్నా, ఆ దండ ఈమె మెడలో పడేది. పుస్తకంలో పేరు రాసే కుర్రాడు తికమకపడితే, "పేరు వాండ్లదే రాయి. కడుపు నాది" అనేది. ఒకసారి పేపరులో ఫొటో వచ్చింది. ఎడమ నుంచి కుడికి పేర్లు. బదులవ్వ మొహం కింద బాగా మీసాలున్న ఒక మేస్త్రీ పేరు. ఆ ముక్క కత్తిరించి చర్చి గోడకు అతికించారు. వారం రోజులు మా వాడ నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చింది, వెనక్కి పోయింది. రోజూ టీవీలో ఎవరో ఒక పిల్లగాడి ఫొటో. చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ, కింద జోహార్లు. మా వయసు వాళ్లే. నాకు నిద్ర పట్టేది కాదు. అమ్మ చుట్టే బీడీలు, నా ఫెయిలైన పేపర్లు, ఎటు చూసినా గోడే. అప్పుడు నా తలలోకి ఒక ఆలోచన దూరింది. అది బయట నుంచి వచ్చింది కాదు, మా చర్చిలోంచే వచ్చింది. అందరి కోసం ఒక్కడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి గుడ్ ఫ్రైడేకి విన్న మాట. ఒక్కడు పోతే అందరూ బతుకుతారు. ఆ ఒక్కడు నేనెందుకు కాకూడదు? మిగతా పిల్లలు దుఃఖంతో పోయారేమో, నేను వాక్యం ఆధారం చేసుకుని తయారయ్యాను. ఇంత తప్పు చేయాలంటే చర్చిలో ముందు వరుసలో కూర్చుని పెరిగి ఉండాలి.

ఆ రోజు కోరుట్లలో ప్రభుత్వం దిష్టిబొమ్మకు శవయాత్ర. పాడె కట్టి, చావు డప్పు కొట్టుకుంటూ తీసుకుపోయి చౌరస్తాలో కాలబెట్టడం. నేను అనుకున్నది ఆ జనం మధ్యలోనే. ఎట్లా అన్నది ఇక్కడ రాయను, ఎక్కడా రాయను. పొద్దున ఇస్త్రీ చేసిన తెల్ల అంగి వేసుకున్నాను. అమ్మకు రాసిన కాగితం జేబులో ఉంది. అమ్మ బీడీల చాట ముందు, చెల్లె పొయ్యి దగ్గర. నేను చెప్పులేసుకుంటుంటే గడపలోకి నీడ వచ్చింది.

బదులవ్వ వేలెత్తింది. "ఒకటి" అంది అమ్మను చూసి. "రెండు" అంది చెల్లెను చూసి. వేలు నా ఛాతీ మీదుగా, గాలి మీదుగా పోయినట్టు పోయి, ఆగిపోయింది.

"ఇద్దరే ఉన్నరు" అంది.

అమ్మ ఒళ్లో నుంచి చాట జారి తంబాకు నేలంతా చిమ్మింది. "అవ్వా, నీ కాళ్లు మొక్కుత, మళ్లొకపారి లెక్కవెట్టు" అంది అమ్మ.

మళ్లీ పెట్టింది. మళ్లీ ఇద్దరే.

నాకు కోపం తన్నుకొచ్చింది. "నేనున్న గద అవ్వా! కండ్లు కనవడ్తలేవా?"

"ఉన్నవా?" అందామె, నిజంగానే తెలియక అడిగినట్టు.

నా దగ్గరికొచ్చి జేబులోంచి కాగితం తీసింది. తిప్పి చూసింది. చేతిరాత ఆమెకు రాదు. నా చేతికే ఇచ్చి, "నువ్వే సదువు. మీ అమ్మ ఇంటది" అంది. అమ్మా అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. చెల్లె చేతిలోని గరిటె కింద పెట్టి లేచి నిలబడింది. అమ్మకు అర్థమైంది. నేల మీది తంబాకును రెండు చేతులతో ఒకచోటికి తోస్తూ కూర్చుంది. ఆ చేతులను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఒక్కడు పోతే అందరు బతుకుతరని నువ్వే చెప్పినవ్ గద అవ్వా" అన్నాను.

"చెప్పిన. ఆ జాగ ఖాళీ ఉన్నదని చెప్పిన్నా?"

నేను గడప వైపు చూశాను.

"ఆ జాగల ఒకాయన పండుకున్నడు కొడుకా. ఒక్కపారే, అందరి కోసం. అండ్ల ఇంకొకలకు సందు లేదు. నువ్వు వోయి యాడ పండుకుంటవ్?"

"మరి నువ్వెందుకు అందరి మంచాలు ఎక్కుతవ్?"

ఆమె నవ్వింది. "నేను సచ్చెటందుకు పండుకుంటనారా? జాగ పట్టుకోని ఉంట, ఆయనొచ్చెదాంక. లైన్ల సెప్పులు పెడ్తరు సూడు, గసొంటిదాన్ని. అంగియ్యి."

ఇచ్చేశాను. ఎందుకిచ్చానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కాగితం మడిచి మళ్లీ ఆ జేబులోనే పెట్టింది. చీర మీదుగా నా తెల్ల అంగి తొడుక్కుని, గుండీలు మెడ దాకా పెట్టుకుని, నా చాప మీద పడుకుని, నా దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది. అమ్మ నా రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి, స్నానాల బండ మీద కూర్చోబెట్టి, చేయి వదలకుండా పక్కనే కూర్చుంది.

కాసేపటికి ముందు వాకిట్లో దోస్తులు వచ్చి నా పేరు పెట్టి పిలిచారు. "నడువురా, పాడె లేసింది!"

నేను లేవబోయాను. అమ్మ గోళ్లు నా చేతిలోకి దిగాయి. అప్పుడు ఇంట్లో నుంచి, దుప్పటి కింద నుంచి జవాబు వినపడింది. "నేను రాను. మీరు వోండ్రి."

నాకు వినపడింది అవ్వ గొంతే, ఆ పళ్లు లేని గొంతే. దోస్తులు వెళ్లిపోయారు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా వాళ్లది ఒకటే మాట. "నువ్వే అన్నవ్ గదరా. నీ గొంతు మాకు ఎరుక లేదా?"

శవయాత్ర మా గల్లీ మీదుగానే పోయింది. పెరటి తలుపు సందులోంచి ఇంట్లోకి చూశాను. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ దుప్పటి అదిరింది. డప్పు చౌరస్తా వైపు దూరమైంది, జనం కేక వినపడింది, పొగ లేచింది. దుప్పటి కదలడం మానేసింది. మూడింటి దాకా అట్లాగే ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మేం ఉపవాసం విడిచే వేళ అది. అప్పుడు లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒళ్లు పొయ్యి మీది పెనంలా ఉంది. తన గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. అంగి ఇమ్మని నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

మర్నాడు ఆ జ్వరంతోనే, ఆ అంగితోనే, సిరిసిల్లలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి బస్సెక్కింది. నేను దిగబెట్టడానికి కూడా పోలేదు. సిగ్గు. కొంచెం కోపం కూడా. నా చావును నా దగ్గర్నుంచి గుంజుకుపోయినట్టు ఉండేది. ఇరవై రోజులకు కబురొచ్చింది. అవ్వ నిన్ను చూస్తానంటోంది, రమ్మని.

సిరిసిల్లలో ఆ ఇంటికి ఇటు సాంచాలు, అటు సాంచాలు. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. నెమ్ము చేసిందని, వయసు మీద పడిందని డాక్టరు చెప్పాడట. మంచం మీద అవ్వ పిడికెడు అయింది, మీద మాత్రం నా అంగి. ఉతకడానికి కూడా విప్పనివ్వలేదని ఆమె చెల్లెలు చెప్పింది. గంట సేపు కూర్చున్నాను, కళ్లు తెరవలేదు. నేను ఏడ్చాను. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదు కదా అని గట్టిగానే ఏడ్చాను.

కరెంటు పోయింది. వాడంతా సాంచాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. చెవుల్లో ఏదో పడిపోయినట్టయింది. ఆ నిశ్శబ్దంలో అవ్వ కళ్లు తెరిచింది.

"కొడుకా, ఆ దినం మాపటికి ఏం తిన్నవ్?"

ఏ దినమో నేను అడగలేదు. "అన్నం అవ్వా. పచ్చిపులుసు. రెండుసార్లు పెట్టించుకున్న."

నిజమే. ఆ సాయంత్రం ఎన్నడూ లేనంత ఆకలి వేసింది. సిగ్గు లేకుండా తిన్నాను. అమ్మ తన వంతు కూడా నాకే వడ్డించింది.

"రెండుసార్లా?" అంది. ఆమె మొహం విప్పారింది. "గీ ముచ్చట ఇన్నేండ్ల సంది ఎవ్వలు చెప్పలే నాకు. రెండుసార్లు తిన్నడట!" అని చెల్లెలి వైపు చూసి నవ్వింది, ఎవరింట్లోనో శుభవార్త విన్నట్టు.

తర్వాత వేలెత్తింది. చెల్లెలి మీద ఆగి, "ఒకటి" అంది. నా వైపు వచ్చింది, ఛాతీ మీద ఆగింది. "రెండు." తనను తాను ఎప్పుడూ లెక్కపెట్టుకోదు, అయిపోయిందనుకున్నాను. వేలు దిగలేదు. నన్ను దాటి మంచం కాళ్ల వైపుకు, ఎవరూ లేని చోటికి మెల్లగా పోయి ఆగింది.

"మూడు" అంది. సాంచా దగ్గరికి తిని వచ్చిన మనిషిని చూసినట్టు చూసి, "ఇగ నేను లేస్త" అంది.

నేను అటు తిరగలేకపోయాను. ఆమె చెల్లెలు తిరిగి చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరెంటు వచ్చింది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. అవ్వ వేలు దుప్పటి మీదికి జారింది.

ఆ అంగితోనే పూడ్చాం. కాగితం జేబులోనే ఉంది, నాకు తెలుసు, తీయలేదు. సిరిసిల్ల మట్టిలో నా రాత, నా అంగి ఉన్నాయి. నేను ఇక్కడ యూరియా లైన్లో ఉన్నాను.

మొన్న షట్టరు లేచేసరికి మధ్యాహ్నమైంది. అందరూ వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్లు నిలబడ్డారు. నా ముందు ఒక జత మిగిలింది. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, ఒక దానికి పిన్నీసు. మనిషి లేడు. వెనకాల ఉన్న రైతు, "ఎవలియన్నా గివి? పక్కకు నూకు" అన్నాడు.

"ఉండనియ్యి" అన్నాను. "మనిషొస్తడు."

రెండు బస్తాలు ఇచ్చారు. బండి మీద వేసుకుని వచ్చేటప్పుడు తిరిగి చూస్తే, లైను కదిలి పోతోంది, ఎవరూ తొక్కకుండా ఆ చెప్పుల పక్క నుంచే పోతోంది. ఇంటికి పోగానే నా భార్య అన్నం పెట్టింది. తిని, మళ్లీ పెట్టించుకున్నాను.